ఆదివాసీ భూమి కేసుకు ప్లీడరు ఫీజు ఎవరిస్తారు?

ప్రశ్న: మాది రంపచోడవరం ఏజెన్సీలోని కొండరెడ్ల గూడెం. మా పెదనాన్న భూమి ఏళ్లుగా గిరిజనేతరుడి చేతిలో ఉంది. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో కేసు వేయాలని ఇంటికింతని చందా వేసుకుంటున్నాం. ఉచిత ప్లీడరును ఇస్తారని కొందరంటున్నారు. నిజమేనా? ఆయనకు డబ్బు సర్కారే ఇస్తే మన పక్షాన గట్టిగా నిలబడతాడా?

జవాబు: నిజమే. ఫీజు కోసం చందా ఎత్తే పని ఆపండి. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. ఆ చట్టంలో కోర్టు అంటే రెవెన్యూ కోర్టు కూడా, కాబట్టి మీ కేసుకూ వర్తిస్తుంది. కేసులో ప్రాథమికంగా బలముందా అని మాత్రం చూస్తారు. మీకు ఆ దిగులు అక్కర్లేదు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా అడ్డుకునే 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే మొదట భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలి వాడే.

ఇక డబ్బు సంగతి. కేంద్రం గ్రాంటు జాతీయ న్యాయ సహాయ నిధికి వెళుతుంది. అక్కడి నుంచి వచ్చే సొమ్ము, రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు కలిసి రాష్ట్ర నిధి అవుతాయి. అందులోంచి జిల్లా నిధికి ఇస్తారు. ప్లీడరు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు దీంట్లోంచే. జిల్లా న్యాయ సేవల సంస్థకు ఛైర్మన్ జిల్లా జడ్జి. కేసు వినే రెవెన్యూ అధికారికి ఈ నిధితో సంబంధం లేదు, కాబట్టి ప్లీడరు ఆయనకు జంకాల్సిన పని లేదు.

అయితే ప్యానెల్ న్యాయవాదులకు, అంటే ఈ సంస్థ జాబితాలోని ప్లీడర్లకు, ఇచ్చే ఫీజు చాలా తక్కువ. అందుకే అనుభవజ్ఞులు చాలామంది ముందుకు రారు. ప్రభుత్వాలు ఈ నిధికి ఇంకా ఎక్కువ ఇచ్చి తీరాలని నా గట్టి అభిప్రాయం. కొండ మీది మనిషికి కొత్తగా ప్లీడరీ మొదలుపెట్టిన కుర్రాడు చాల్లే అనుకోవడం అన్యాయం. మీకిచ్చిన ప్లీడరు వాయిదాలకు రాకపోతే మార్చమని రాసి ఇవ్వండి, మారుస్తారు.

మీ పెదనాన్న కుల ధ్రువపత్రం, భూమి కాగితాలు ఏవుంటే అవి పట్టుకుని మండల న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు ఇవ్వండి. రాయడం రాకపోతే అక్కడే రాయిస్తారు. 15100కు ఉచితంగా ఫోన్ చేసినా దారి చెబుతారు. దరఖాస్తు తిరస్కరిస్తే ఛైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ప్యానెల్ ప్లీడరు మీ దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు రాయండి.