ఫ్రిజ్‌లో పెడితే పచ్చిపాలలో రోగం పోతుందా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నెల కింద మా బర్రె ఏడో నెలలో ఈసుకుపోయింది (కడుపు పోయింది). మా ఆయనే ఉత్త చేతులతో దూడను, మాయను తీసి పడేశారు. పశువుల డాక్టరు బ్రూసెల్లా అనే క్రిమితో వచ్చే రోగం కావచ్చంటున్నారు. ఇంకో బర్రె బాగానే ఉంది, పాలిస్తోంది. మా అత్తమ్మ మనవడికి రోజూ గుమ్మపాలు తాగిస్తుంది. పాలు ఫ్రిజ్‌లో పెడితే క్రిమి చస్తుందా? తొట్టి నీళ్లతో ప్రమాదమా? పది రోజులుగా మా ఆయనకు సాయంత్రం జ్వరం, చెమటలు, నడుంనొప్పి. టైఫాయిడ్ అని మందులు వాడుతున్నాం.
– ఒక గృహిణి, హనుమకొండ జిల్లా

జవాబు: పాల సంగతి తర్వాత, ముందు మీ ఆయన్ని చూపించండమ్మా. ఈసుకుపోయిన బర్రె మాయలో, ఉమ్మనీటిలో బ్రూసెల్లా క్రిములు కుప్పలుగా ఉంటాయి. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, ఒంట్లోకి వెళ్తాయి. జ్వరం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మొదలవుతుంది, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది. మన దగ్గర జ్వరం తగ్గకపోతే వైడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అనేయడం అలవాటైపోయింది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో గానీ, దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గర గానీ బర్రె సంగతి మీరే చెప్పి బ్రూసెల్లా రక్తపరీక్ష అడగండి. అదే అని తేలితే రెండు రకాల మందులు కలిపి, మామూలుగా ఆరు వారాలు వాడాలి. వారానికే జ్వరం తగ్గిందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. బాబుకు జ్వరం వచ్చినా ఇదే పరీక్ష చేయించండి. పిల్లలకు మందులు వేరేగా ఉంటాయి.

ఇక పాలు. చలికి ఈ క్రిమి చావదు. ఫ్రిజ్‌లోని పచ్చిపాలలో రోజుల తరబడి బతుకుతుంది, గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. పెరుగు పులుపునూ నమ్ముకోవద్దు. చంపేది వేడే. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు చాలు. పశువుల టీబీ క్రిమి కూడా ఈ వేడికి చస్తుంది. డెయిరీలో ప్యాకెట్ పాలకు చేసేది ఇదే. ఇంట్లో థర్మామీటర్ అక్కర్లేదు. కాకపోతే పొంగు రాగానే స్టవ్ ఆపేయకండి. మంట తగ్గించి, గరిటెతో కలుపుతూ రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వండి.

అసలు తప్పు కాచిన తర్వాతే జరుగుతుంది. పొద్దున కాచిన పాలలో సాయంత్రం పితికినవి పోసేస్తారు, పచ్చిపాలు కొలిచిన గ్లాసునే కాచిన పాలలో ముంచుతారు. గుమ్మపాలు మాత్రం ఈరోజు నుంచే బంద్. కాస్తే బలం పోతుందని అత్తమ్మ అంటారేమో, కాల్షియం, ప్రొటీన్ ఎక్కడికీ పోవు. అన్నట్టు, పంచామృతంలో పోసేవి కూడా పచ్చిపాలే. రెండో బర్రె బాగా కనిపిస్తోందని ధీమా వద్దు, పైకి ఏమీ లేకుండానే పాలలో క్రిమి రావచ్చు. దానికీ పరీక్ష చేయించండి.

చల్లని నీళ్లలో, నీడపట్టున తడి మట్టిలో ఈ క్రిమి వారాలు, నెలలు ఉండగలదు. ఎర్రటి ఎండకు మాత్రం గంటల్లోనే చస్తుంది. కాబట్టి తొట్టి ఖాళీ చేసి, పేడ, పాచి గీకి కడిగి, రోజంతా ఎండనివ్వండి. ఆ తర్వాతే బ్లీచింగ్ పౌడర్ సంగతి. పేడ కలిసిన నీళ్లలో చల్లితే క్లోరిన్ ఆ పేడకే ఖర్చయిపోతుంది, క్రిమి దాకా రాదు. కొట్టం పక్క బావి నీళ్లు తాగుతుంటే మరిగించి తాగండి.

మాయను పడేసిన చోటికి కుక్కలు వెళ్లకుండా, గ్లవ్స్ వేసుకుని, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే కొట్టం వైపు రానివ్వొద్దు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్యదూడలుంటే పశువుల ఆస్పత్రిలో బ్రూసెల్లా టీకా అడగండి, జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు.