షిఫ్టు ఉద్యోగం చేస్తూ ఫిడేలు, పరుగు రెండూ సాగించవచ్చా?

ముప్పై దాటాక, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, సంగీతం నేర్చుకోవాలనీ, ఒంటికి పని చెప్పే వ్యాపకం కూడా ఒకటి పట్టుకోవాలనీ ఉందని మీరు రాశారు. రెండూ సాగుతాయా, లేక ఒకదాన్ని వదులుకోవాలా అన్నది మీ ప్రశ్న. నేను విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేస్తాను. 34వ ఏట ఫిడేలు పట్టాను, మరుసటి ఏడాది పరుగు మొదలుపెట్టాను, తొమ్మిదేళ్లుగా రెండూ నడుస్తున్నాయి. అయితే రెండూ ఒకేసారి పెరగవు. ఒకటి ముందుకు వెళుతున్నప్పుడు రెండోదాన్ని ఉన్నచోట నిలబెట్టుకుంటే చాలు అన్న సంగతి నా తలకెక్కడానికి మూడేళ్లు పట్టింది.

ఆ మూడో ఏడాదే నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. గురువుగారు మొదటి వర్ణం, అంటే తొలి పాఠాల తరువాత నేర్పే పెద్ద రచన, ఎత్తుకున్న నెలలోనే, విశాఖ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చాను. సీ షిఫ్టు, అంటే రాత్రి పదికి ఎక్కి ఉదయం ఆరింటికి దిగే షిఫ్టు, ముగియగానే నిద్రపోకుండా నేరుగా బీచ్ రోడ్డుకు వెళ్లి పరుగెత్తేవాణ్ణి, మధ్యాహ్నం రెండు గంటల నిద్రతో లేచి వర్ణం మీద కూర్చునేవాణ్ణి. ఐదు వారాలకు కుడి మోకాలు వాచింది. రెండు నెలలు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది, ఆ నొప్పి చికాకులో వర్ణమూ మొదటి సగం చివర వచ్చే ముక్తాయి స్వరాల దగ్గరే ఆగిపోయింది. తప్పు పరుగుదీ కాదు, ఫిడేలుదీ కాదు; నిద్రను దోచి రెండింటికీ పంచిపెట్టడమే తప్పు.

ఈ రెండు వ్యాపకాలూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తాయని బయటివారికి తోచదు. మన సంప్రదాయంలో ఫిడేలు నేల మీద కూర్చుని వాయిస్తాము. ఎడమకాలు మడిచి, కుడికాలు ముందుకు పెట్టి, వాద్యం తలను ఆ కాలి చీలమండ దగ్గర ఆనించాలి. ముందురోజు దూరం పరుగెత్తితే తొడ కండరాలు బిగుసుకుని పావుగంటకు మించి అలా కూర్చోలేము, కాలు కదిలితే వాద్యం కదులుతుంది, వాద్యం కదిలితే స్వరస్థానం జారుతుంది. అందువల్ల దూరపు పరుగు మరునాడు నేను కొత్త పాఠం ముట్టుకోను. పరుగు మొదలుపెట్టకముందు కొన్నాళ్లు కొలనులో ఈత కూడా ప్రయత్నించాను. అరగంట నీళ్లలో నానితే ఎడమచేతి వేళ్ల చివర గట్టిపడిన చర్మం మెత్తబడి, ఆ సాయంత్రం తీగల మీద వేలు పెడితే కోసినట్టు ఉండేది. ఈత మానేశాను. సముద్రంలో ఈత ఆలోచన మీకు వస్తే మాత్రం దయచేసి వద్దు. ఆర్కే బీచ్ దగ్గర అలల కింది లాగుడు ఈత వచ్చినవారిని కూడా లోపలికి తీసుకుపోతుంది.

సమయం విషయానికి వస్తే, తెల్లవారుజామున ఐదింటికి లేచి సాధన చేయమనే సలహా వారంవారం షిఫ్టు మారే మనిషికి పనికిరాదు. నేను సాధనను గడియారానికి కాక నిద్రకు ముడిపెట్టాను. ఎప్పుడు లేస్తే అప్పుడు, టీ తాగి, ఫోను చూడకముందే ఇరవై నిమిషాలు ఫిడేలు. సీ షిఫ్టు వారంలో మధ్యాహ్నం రెండింటికి లేస్తాను, ఆ వేళ అపార్టుమెంటులో చాలామంది పనుల మీద బయట ఉంటారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నం ఎక్కే బీ షిఫ్టు వారంలో ఉదయం పూట ఖాళీ, అది పరుగుకు. తొలిరోజుల్లో మా అమ్మ, "ఈ వయసులో ఎందుకురా ఈ కుయ్యి కుయ్యి" అనేది. ఇప్పుడు రెండు రోజులు చప్పుడు వినబడకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది.

ఏడాదిని కూడా ఇలాగే పంచుకున్నాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊరి ఉక్కపోతలో ఉదయం ఏడు దాటితే పరుగెత్తలేము, కనుక ఆ నెలల్లో వారానికి రెండుసార్లు కైలాసగిరి మెట్లు ఎక్కి దిగడంతో సరిపెట్టి, కొత్త పాఠాలన్నీ అప్పుడే తీసుకుంటాను. చలి తగిలాక పరుగు పెంచుతాను, అప్పుడు ఫిడేలు మీద మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే తొలి స్వర పాఠాలు, మూడు కాలాల్లో (మూడు వేగాల్లో), ఒక పాత వర్ణం, అంతే. మా గురువుగారు మొదట నొచ్చుకున్నారు, తరువాత ఆయనే, "కొత్తది వద్దులే, పాతది శ్రుతి తప్పకుండా చూసుకో" అన్నారు.

ఉన్న కాస్త సమయాన్నీ మింగేసేది సముద్రపు గాలి. ఉప్పు తేమకు తీగలు తుప్పు పడతాయి, వానాకాలంలో బిరడాలు (తీగలు బిగించే చెక్క పిడులు) ఉబ్బి తిరగవు, గాలి పొడిబారితే అవే జారిపోతాయి. వాయించిన ప్రతిసారీ తీగలను పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టండి, జారే బిరడాకు కొంచెం సుద్దముక్క రుద్దండి. ఇది తెలియక మొదటి ఏడాది నా సాధనలో సగం శ్రుతి చేసుకోవడానికే పోయింది.

గురువు విషయంలో నాది గట్టి అభిప్రాయమే. వీణకు ఉన్నట్టు ఫిడేలుకు మెట్లు ఉండవు, వేలు ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి, ఆ చెవి ఏర్పడేదాకా, కనీసం ఆరు నెలలు, ఎదురుగా కూర్చుని వేలు సరిచేసేవారు ఉండాలి. తెర మీద పాఠాలు ఆ తరువాత. ఈ ప్రాంతంలో ఫిడేలు గురువులకు కరవు లేదు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు 1936లో ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలు అయ్యారు, అక్కడ చదువుకున్నవారు విశాఖలోనూ పాఠాలు చెబుతున్నారు.

మీది పగటి ఉద్యోగం కాబట్టి నాకంటే మీకు సులువు. సంగీతం ముందు మొదలుపెట్టండి, వేళ్లు కాస్త కుదురుకున్నాక, ఆరు నెలలకు, పరుగో నడకో చేర్చండి. ఆదివారం ఉదయం మాత్రం ఇంటివాళ్లకు వదిలేయండి. మా ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే, అది తప్పిన వారాల్లో రెండు వ్యాపకాలకూ ఇంట్లో చోటు ఇరుకయ్యేది. ఈ వారం నాకు సీ షిఫ్టు, మోకాలు బాగానే ఉంది, ఆ రోజు ఆగిపోయిన వర్ణం ఇప్పుడు రెండో కాలంలోకి వచ్చింది.