తీర్మానం నుంచి చికిత్స దాకా

ప్రశ్న: క్యాన్సర్ నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సభ చేసే తీర్మానాలు ఒక దేశంలో ఆచరణలోకి ఎలా వస్తాయి?

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థలో సభ్య దేశాలు కలిసి నిర్ణయాలు తీసుకునే వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ 2005లోనూ, మళ్లీ 2017లోనూ క్యాన్సర్‌పై ప్రత్యేక తీర్మానాలు చేసి, జాతీయ స్థాయిలో నియంత్రణ కార్యక్రమాలు చేపట్టాలని సభ్య దేశాలను కోరింది. అయితే తీర్మానం చట్టం కాదు. దానికి నిధులు, బాధ్యత వహించే విభాగం, గడువు తోడైతేనే అది పనిగా మారుతుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌నే చూడండి. 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యూహం ప్రకారం 2030కల్లా 90 శాతం బాలికలకు 15 ఏళ్లలోపే, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా పూర్తి కావాలి. 70 శాతం మహిళలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి నాణ్యమైన పరీక్ష జరగాలి. వ్యాధి బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలి. నా దృష్టిలో అన్నిటికన్నా బలహీనమైనది ఈ చివరి లంకె. పరీక్షలో తేడా కనిపించిన మహిళకు ఎక్కడికి వెళ్లాలో, ఖర్చు ఎవరు భరిస్తారో తెలియకపోతే, ఆ పరీక్ష ఆమెకు మిగిల్చేది భయమే. అందువల్ల స్క్రీనింగ్ మొదలుపెట్టే ముందే పాథాలజీ (కణజాల పరీక్ష), శస్త్రచికిత్స, రేడియేషన్ సేవలతో పాటు, ప్రణాళికల్లో తరచూ మరుగున పడే, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మందు సరఫరాను కూడా సిద్ధం చేసుకోవాలి.

ఇక క్యాన్సర్ రిజిస్ట్రీ (కేసుల వివరాలను క్రమంగా నమోదు చేసే వ్యవస్థ) లేని చోట, చేసిన పని ఫలించిందో లేదో తేల్చడం చాలా కష్టం.