బొగ్గులో డీజిల్ ఉందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కృష్ణపట్నం రేవులో కొండల్లా బొగ్గు దిగుతోంది. దాన్నుంచి డీజిల్ తీయొచ్చంటున్నారు. మా గుంటల కాడ ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) తిప్పే జనరేటర్లకు చవగ్గా దొరకదా?
ఓ రొయ్యల రైతు, ముత్తుకూరు

జవాబు: తీయొచ్చు. చవగ్గా మాత్రం రాదు. డీజిల్‌లో ఒక్కో కార్బన్ పరమాణువుకు దాదాపు రెండు హైడ్రోజన్లుంటాయి, బొగ్గులో ఒకటి కూడా పూర్తిగా ఉండదు. ఆ లోటు పూడ్చడానికే ఈ తతంగమంతా. ముందు బొగ్గును ఆక్సిజన్, నీటి ఆవిరి కలిపి వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూగా వేడిచేసి గ్యాస్‌గా మారుస్తారు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌ కొంత మళ్లీ ఆవిరితో కలిసి హైడ్రోజన్‌నిస్తుంది. గంధకాన్ని పూర్తిగా కడిగేయాలి, లేదంటే ఇనుము, కోబాల్ట్ ఉత్ప్రేరకాలు (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థాలు) పనికిరాకుండా పోతాయి. శుభ్రమైన గ్యాస్‌ను 200-350 డిగ్రీల్లో, 20-30 రెట్ల వాతావరణ పీడనంలో ఆ ఉత్ప్రేరకాల మీదుగా పంపితే డీజిల్, నాఫ్తా (పెట్రోలు లాంటి తేలిక నూనె), మైనం వస్తాయి. 1920ల్లో జర్మనీలో ఫిషర్, ట్రోప్ష్ కనిపెట్టిన పద్ధతి ఇది. దక్షిణాఫ్రికాలో సాసోల్ సంస్థ 1955 నుంచి దీంతోనే ఇంధనం తీస్తోంది.

ఇక లెక్క. మంచి బొగ్గు టన్నుకు సుమారు 300 లీటర్లు. ఆ టన్నులో 650 కిలోల కార్బన్ ఉందనుకుంటే డీజిల్‌లోకి చేరేది 200 కిలోలే, మిగతాది దాదాపంతా బొగ్గుపులుసు వాయువై గాల్లో కలుస్తుంది. మన దేశపు బొగ్గులో చాలా రకాలకు బూడిదే 35-45 శాతం. అది కరిగి చిట్టెంలా గడ్డకడితే కొలిమి మూసుకుపోతుంది. నీళ్లూ విపరీతంగా కావాలి, వేసవిలో మన జిల్లాల సంగతి తెలిసిందే. కేంద్రం 2024లో బొగ్గును గ్యాస్‌గా మార్చే పనికి (గ్యాసిఫికేషన్) 8,500 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. మా అంచనాలో ఆ గ్యాస్ ముందుగా మిథనాల్‌కు, ఎరువులకు వెళ్తుంది. డీజిల్ వంతు ఆ తర్వాతే.

ప్రశ్న: గాలి తగలని డ్రమ్ములో బొగ్గు వేడిచేస్తే నూనె కారుతుందట. వడగట్టి ఇంజిన్‌లో పోయొచ్చా?
ఓ మెకానిక్, సింగరాయకొండ

జవాబు: వద్దు. అది డీజిల్ కాదు, ఫినాల్స్ అనే ఘాటు రసాయనాలు నిండిన తారు. నిల్వ ఉంచితే చిక్కబడి ఫిల్టర్ పట్టేస్తుంది, నాజిల్ రంధ్రాలు మూసుకుపోతాయి, పంపు ప్లంజర్ బిగుసుకుంటుంది. వడగడితే పోయేది మసి మాత్రమే. అంతకంటే పెద్ద ముప్పు, డ్రమ్ములోంచి వచ్చే గ్యాస్‌లో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మూసిన షెడ్డులో మనిషి ప్రాణం తీస్తుంది. కాగుతున్న డ్రమ్ములోకి గాలి చొరబడితే పేలుతుంది కూడా. దయచేసి ప్రయత్నించకండి.

ప్రశ్న: ఫ్యాక్టరీలో చేసిన బొగ్గు డీజిల్ దొరికితే ఇంజిన్‌కు మంచిదేనా?
ఓ లారీ యజమాని, కావలి

జవాబు: చాలా మంచిది. సీటేన్ (డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) 70 దాటుతుంది, గంధకం దాదాపు ఉండదు. జారుడుగుణం తక్కువ కాబట్టి అందుకు తగిన మందు కలపాలి. పాత బండ్లలో రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి కారడం మొదలవ్వచ్చు, ముందే కొత్తవి వేయించుకోవాలి.