మోడల్ పెడుతున్నావట కదా, ఇది చదువు

అమ్ములూ,

విమానం సర్టిఫికేషన్ పనంతా కాగితాల మీంచి సిస్‌ఎమ్‌ఎల్ అనే బొమ్మల భాషలో గీసే కంప్యూటర్ మోడల్‌లోకి మార్చేద్దామని మీ ఆఫీసులో నువ్వే ప్రతిపాదన పెట్టావని అక్క ఫోన్‌లో చెప్పింది. వీధిలో కనిపించిన ఇద్దరికి గొప్పగా చెప్పుకున్నాను, వాళ్లకి ఒక్క ముక్క అర్థమై ఉండదనుకో. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు చకచకా చెప్పేస్తాను. టూల్ కొనకముందే విమానాలకి అనుమతిచ్చే అధికారులతో కూర్చుని, మోడల్‌లో దేన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటారో ప్లాన్‌లో రాయించుకో. మోడల్‌లోంచి కోడ్ పుట్టిస్తే, మోడల్‌తో చేసే సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ప్రమాణం డీఓ-331 చూడాలి. మనిషి చేయాల్సిన తనిఖీని టూల్‌కి వదిలేస్తే టూల్స్‌కి ఉన్న ప్రమాణం డీఓ-330 ప్రకారం ఆ టూల్‌కీ అర్హత చూపించాలి. ప్రతి రివ్యూకీ బేస్‌లైన్, అంటే ఆ రోజుకి మోడల్ ఉన్న రూపం, ఫ్రీజ్ చేసి దాచు.

ఇక నా అసలు భయం బోయింగ్ విమానం 737 మ్యాక్స్ కథ. వంద సార్లు విని ఉంటావు, మళ్లీ విను. అందులో విమానం ముక్కుని తనంతట తానే దించే సాఫ్ట్‌వేర్ ఎమ్‌క్యాస్ మొదట్లో ఎక్కువ వేగంలో మాత్రమే పనిచేసేది, తోక దగ్గరి స్టెబిలైజర్‌ని 0.6 డిగ్రీలు కదిపేది. ఫ్లైట్ టెస్టుల తర్వాత, 2016లో, తక్కువ వేగానికి కూడా పనికొచ్చేలా దాన్ని 2.5 డిగ్రీలు చేశారు. అదీ ఒక్క సెన్సర్ మాట నమ్మి, ఆ సెన్సర్ తప్పు చెబుతున్నంతసేపూ మళ్లీ మళ్లీ ముక్కు దించేలా. పైలట్ వెంటనే సర్దుకుంటాడులే అన్న ఊహ అలాగే ఉండిపోయింది. 2018 అక్టోబరులో లయన్ ఎయిర్, 2019 మార్చిలో ఇథియోపియన్ విమానాలు కూలి మొత్తం 346 మంది పోయారు. తర్వాత పలు దేశాల అధికారులు కలిసి పరిశీలిస్తే, ఈ మార్పుల సమాచారం ముక్కలు ముక్కలుగా వేర్వేరు చేతుల్లో ఉండిపోయిందని తేలింది.

మోడల్ ఉంటే అలా జరగదు మావయ్యా అంటావు. సగం నిజం. అంకె మారగానే దానికి కట్టిన హజార్డ్ అసెస్‌మెంట్ (ప్రమాదాల అంచనా) మీద సస్పెక్ట్ లింక్ గుర్తు, అంటే ‘ఇది మళ్లీ చూడాలి’ అన్న గుర్తు, పడుతుంది. కానీ రివ్యూ ముందురోజు సాయంత్రం అలాంటి గుర్తులన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, ఒక్క క్లిక్‌తో క్లియర్ చేసేసి టీకి వెళ్లిపోయినవాళ్లని నేను కళ్లారా చూశాను. స్క్రీన్ అంతా పచ్చగా ఉంటుంది, ఒక్కడూ చదివి ఉండడు. అందుకే కారణం, పేరు రాయనిదే ఏ లింకూ క్లియర్ కాకుండా పెట్టించు. క్లియర్ చేసేవాడు ఆ మార్పు చేసినవాడు కాకూడదు. ఇంకోటి, ఊహల్ని కూడా మోడల్‌లోకి తీసుకురా. పైలట్ ఎన్ని సెకన్లలో స్పందిస్తాడన్నది ఎవరిదో పీడీఎఫ్‌లో పడి ఉంటే లింకు దేనికి కడతావే పిచ్చిదానా?

టైం తగ్గుతుందని మీ మేనేజరు స్లైడ్‌లో రాశాడట, ఆ లైను తీసేయమను. మొదటి ప్రాజెక్టుకి పని పెరుగుతుంది, అప్పుడు మాటలు పడేది నువ్వే. ఇప్పటికే అర్ధరాత్రి దాకా అక్కడే ఉంటున్నావని అక్క బెంగ పెట్టుకుంది. వేళకి తిను తల్లీ.

రహస్యం కాని మేరకు ప్లాన్ నాకు పంపు. ఎర్రపెన్నుతో దిద్దుతాను, ఏడవకూడదు.

మీ మావయ్య