బాండ్‌లో రాసిన రెండు లక్షలూ కట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. రెండేళ్లలోపు మానేస్తే ట్రైనింగ్ ఖర్చుల కింద 2 లక్షలు కట్టాలని బాండ్ రాయించుకున్నారు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, డిగ్రీ ఒరిజినల్ కూడా తీసుకున్నారు. ట్రైనింగ్ అంటే మా టీమ్ లీడ్ మూడు వారాలు సాయంత్రంపూట చెప్పిన పాఠాలే. 14 నెలలు పనిచేసి, నోటీసు పీరియడ్ పూర్తిచేసి మానేశాను. ఇప్పుడు లాయర్ నోటీసు పంపారు, పీఎఫ్ కూడా రానివ్వమంటున్నారు. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు. ఫ్రెండ్సేమో బాండ్ చెల్లదు, చింపి పారెయ్యమంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ నాన్నగారిని ఆపండమ్మా. అలాగని ఫ్రెండ్స్ మాటా పట్టుకోవద్దు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల బాండ్‌నీ, 2 లక్షల షరతునీ సమర్థించింది. కాకపోతే అక్కడ మానేసింది సీనియర్ మేనేజర్. ఆ ఖాళీ నింపాలంటే ప్రభుత్వ బ్యాంకు మళ్లీ దేశమంతటా ప్రకటన ఇచ్చి నియామకం జరపాలి. ఆ ఖర్చూ, ఆయన హోదా, జీతమూ చూసి 2 లక్షలు ఎక్కువేం కాదంది. సాయంత్రం పాఠాలకు అదే లెక్క వేస్తామంటే ఎలా?

1872 నాటి కాంట్రాక్టు చట్టం, 74వ సెక్షన్ చూస్తే బాండ్‌లోని అంకె పైహద్దు మాత్రమే. అంతకు మించకుండా, సమంజసమనిపించినంతే కోర్టు ఇప్పిస్తుంది. కాబట్టి నోటీసుకు జవాబివ్వండి, ఊరుకోవద్దు. ట్రైనింగ్ ఎవరిచ్చారు, ఎన్ని గంటలు, ఎవరికెంత చెల్లించారు, బిల్లులేవి అని అడగండి. రెండేళ్లలో 14 నెలలు చేశారుగా, అదీ రాయండి. ఆ మూడు వారాల్లోనూ పగలంతా క్లయింటు పని చేసి ఉంటే ఆ మెయిళ్లు బంగారం, జాగ్రత్త చేసుకోండి.

నా బెంగంతా ఆ చెక్కు మీదే. బాండ్ సివిల్ తగాదా, దానికి పోలీసులు ఇంటికి రారు. చెక్కు బౌన్సయితే మాత్రం చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. పేమెంట్ ఆపమని బ్యాంకుకు చెప్పినంత మాత్రాన తప్పించుకోలేరు. ఆ చెక్కు సెక్యూరిటీగా ఇచ్చిందేననీ, మీరు బాకీ లేరనీ, తిరిగివ్వమనీ ఇప్పుడే రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అయినా బ్యాంకులో వేసి, బౌన్సయిందని నోటీసిస్తే అది అందిన రోజు నుంచి మీకుండేది 15 రోజులే. అదే రోజు లాయర్ దగ్గరికి వెళ్లండి.

ఒరిజినల్ కూడా ఆ ఉత్తరంలోనే అడగండి. తీసుకున్నట్టు రసీదు ఇచ్చి ఉండరు, ఇలాంటివాళ్లు ఇవ్వరు. సర్టిఫికెట్ తీసుకురమ్మని అప్పట్లో హెచ్‌ఆర్ పెట్టిన మెయిల్ ఉందేమో వెతకండి.

పీఎఫ్ బెదిరింపు ఉత్తదే. మీ ఖాతాలో పడిన డబ్బును బాకీ కింద జప్తు చేసే వీల్లేదు. ఉద్యోగం మానేసిన తేదీని కంపెనీ నమోదు చేయకపోతే, చివరి నెల జమ పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ వెబ్‌సైట్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.