సిఫార్సు లేకపోతే ఆర్టికల్‌షిప్ దొరకదా?

ప్రశ్న: సార్, నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాను, ఇక ఆడిటర్ ఆఫీసులో చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్‌లో చేరాలి. ఆడిటర్లతో పరిచయం ఉన్నవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. లింక్డిన్‌లో చాలామందికి రెజ్యూమే పంపితే ఒక్కరూ పలకలేదు. పెద్దవాళ్లతో చెప్పిస్తేనే పనవుతుందని ఫ్రెండ్స్ అంటుంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండు గ్రూపులూ గట్టెక్కావు, చాలా సంతోషం తల్లీ. సిఫార్సుతో చేరేవాళ్లు లేరని అనను. కానీ విజయవాడ గవర్నర్‌పేటలోని మా ఆడిట్ ఆఫీసులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఎవరి చేతా చెప్పించుకోలేదు.

ముందు తేదీలు చూసుకో. జీఎస్టీ రిటర్నులకు 11, 20 తేదీలు గడువు. సెప్టెంబరంతా ట్యాక్స్ ఆడిట్లు. అప్పుడు వచ్చిన మెసేజ్ ఎంత మంచిదైనా అడుగున పడిపోతుంది.

2024లో ఒక సెమినార్ అయ్యాక ఒకమ్మాయి వచ్చి, "చిన్న తయారీ యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు కట్టాలన్నారు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే?" అని అడిగింది. 15 రోజులే అన్నాను. థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయింది, ఆర్టికల్‌షిప్ ఊసే ఎత్తలేదు. తర్వాతి వారం వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. వాళ్ల బాబాయికి వస్త్రలత మార్కెట్లో బట్టల కొట్టు ఉందట. సప్లయర్ పేరు, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) నంబరు, సరుకు అందిన తేదీ, డబ్బు కట్టాల్సిన తేదీ... రూళ్ల కాగితం మీద గళ్లు గీసి చేత్తో రాసింది. గడువు దాటిన బిల్లుల పక్కన ఎర్ర పెన్నుతో టిక్కులు. ఆర్టికల్‌షిప్ ఎక్కడ చేస్తావమ్మా అని నేనే అడిగాను.

సలహా అడిగేవాళ్లు మాకు రోజూ తగులుతారు. దాంతో ఏం చేశారో మళ్లీ వచ్చి చెప్పేవాళ్లే తక్కువ. అలాంటివాళ్లను మేం మర్చిపోం.

గుంటూరులో మన సీఏ ఇన్‌స్టిట్యూట్ బ్రాంచి ఉంది, విద్యార్థుల కార్యక్రమాలకు వెళ్లు. పెద్ద సార్లతో పాటు రెండో ఏడాదిలో ఉన్న ఆర్టికల్స్‌తోనూ మాట్లాడు. ఎక్కడ ఖాళీ వస్తోందో, పరీక్షలకు ఎవరు సెలవిస్తారో ముందు తెలిసేది వాళ్లకే.

ఇంకో మాట. నాన్నగారి కొట్టు లెక్కలు చూసే ఆడిటర్ ఎవరో ఒకరు ఉంటారుగా! నాన్నగారితో ఫోన్ చేయించకు. రైతుకిచ్చే పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) కమీషన్, హమాలీ ఎలా రాస్తారో ఇంట్లో అడిగి తెలుసుకుని, అర్థం కానిది ఒక్కటి పట్టుకుని నువ్వే ఆయన ఆఫీసుకి వెళ్లు. 22వ తేదీ దాటాక, సాయంత్రం పూట.